నాలుగు పేర్ల కన్ను

కరోనా కాలంలో నేను మనుషుల ముఖాలు సరిగ్గా చూసింది లేదు. అందరికీ మాస్కులే. మిగతావాళ్లకు అదొక ఇబ్బంది. నా పనికి మాత్రం పెద్ద తేడా రాలేదు, నాకు ఎప్పుడూ కావలసింది కళ్లే కాబట్టి. సూరత్‌లో ఒక ట్రస్టు కంటి ఆసుపత్రిలో, షుగర్ ఉన్నవాళ్ల కంటి లోపలి పొరకు ఫోటోలు తీయడం నా ఉద్యోగం. ఏళ్ల తరబడి అదే స్టూలు, అదే కెమెరా, అవే మాటలు. "గడ్డం ఆనించండి, నుదురు ఆనించండి, పచ్చ లైటు చూడండి, రెప్ప కొట్టకండి." ఈ నాలుగు ముక్కలు హిందీలో, గుజరాతీలో, తెలుగులో, మరాఠీలో, ఒడియాలో చెప్పగలను. ఒడియాలో ఇంతకుమించి ఒక్క మాట రాదు.

మా నాన్న రైల్వే గార్డు. కాజీపేట నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఉధ్నా క్వార్టర్లలో పెరిగాను. ఇంట్లో తెలుగు, బయట హిందీ, పోట్లాట వస్తే గుజరాతీ. నాకు నోరెక్కువ అని ఆసుపత్రిలో అందరూ అంటారు. నిజమే, ఎక్కువే. రోజంతా రెప్ప కొట్టకండి, రెప్ప కొట్టకండి అని చెప్పిన మనిషికి నోరు ఎక్కువ కాక తక్కువవుతుందా?

షుగర్ కంటిని పాడుచేసే తీరు చాలా మర్యాదగా ఉంటుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. లోపల నాళాలు కారుతుంటాయి, కొత్తవి పిచ్చిమొక్కల్లా మొలుస్తుంటాయి. మనిషి మాత్రం పేపరు చదువుతూనే ఉంటాడు, సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంటాడు. ఒకరోజు ఆ కొత్త నాళం పగులుతుంది, అప్పుడు పరిగెత్తుకుంటూ వస్తాడు. అప్పటికి మా చేతిలో ఉండేది తక్కువ. అందుకే చూపు బాగున్నవాళ్లనే పిలిచి చూడాలి. చూపు బాగున్నవాడేమో రాడు. నా ఉద్యోగంలో కష్టమంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

సాంచల మీద పనిచేసే మనవాళ్లయితే అసలు వచ్చేవారు కారు. సాంచలంటే మరమగ్గాలు. పర్వత్ పాటియా చుట్టుపక్కల ఆ కార్ఖానాల్లో సిరిసిల్ల, జగిత్యాల, కరీంనగర్ దిక్కు మనుషులు బోలెడు. పగలు ఒక జట్టు, రాత్రి ఒక జట్టు, పన్నెండేసి గంటలు. డే డ్యూటీవాడికి మా ఆసుపత్రి తెరిచి ఉన్నంతసేపూ పనే. నైట్ డ్యూటీవాడు ఆ వేళకు నిద్రపోతుంటాడు. మేమేమో మధ్యాహ్నం దాకా కుర్చీలు వేసుకుని కూర్చుని, వీళ్లకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదని మాట్లాడుకునేవాళ్లం.

మొదటి లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయినవాళ్లు మెల్లగా తిరిగొచ్చారు గానీ, ఆసుపత్రి అంటే హడలిపోయారు. అక్కడికి పోతే కరోనా అంటుకుంటుంది, తీసుకుపోతే మళ్లీ వదలరు అని. ఇక లాభం లేదని మా రెటీనా డాక్టరు కెమెరానే కార్ఖానాకు మోసుకుపోదామన్నాడు. వయసులో నాకన్నా చిన్నవాడు, గుజరాతీ, నన్ను 'బెన్' అని, అంటే అక్కా అని పిలుస్తాడు. మంచివాడే గానీ తొందర మనిషి. ఒక పెద్ద కార్ఖానా సేఠ్ సరేనన్నాడు. ఆ సేఠ్‌కు ఉన్న భయం వేరు. షుగర్ ఉన్నవాళ్లకు కరోనా వస్తే మనిషి దక్కడని విన్నాడు. షెడ్డులో ఎవరైనా పోతే తన మెడకు చుట్టుకుంటుందని, షుగర్ ఉన్న ప్రతివాడూ మా దగ్గర చూపించుకుని తీరాలని, లేకపోతే సాంచ దగ్గరికి రానివ్వనని చెప్పించాడు.

గుడ్డ తానులు పేర్చే గోడౌన్‌లో ఒక మూల నా కెమెరా పెట్టుకున్నాను. గుంపు కాకుండా రోజుకు కొంతమందినే పిలిచేవాళ్లం. వచ్చినవాళ్లకు కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా గోడకు ఆనుకుని కూర్చోబెట్టేవాళ్లం. ఆ మందు వేస్తే సాయంత్రం దాకా దగ్గరి చూపు మసకే, ట్యూబులైటు చూస్తే కళ్లు చెదురుతాయి. మాస్కులు, నెత్తికి టోపీలు, ముఖం మీద రెండు కళ్లు తప్ప ఏమీ కనిపించేది కాదు. కొన్ని వారాలు అలా గడిచాయి. క్యాంపు బాగా జరిగిందని మా ట్రస్టువాళ్లు ఫోటో కూడా దిగారు.

నేను తీసిన కంటి ఫోటోలు డాక్టరు చూసి, ఎవరి సంగతి ఏమిటో తేల్చేలోపే రెండో అల విరుచుకుపడింది. ఓపీ మూసేశారు. కరోనా తగ్గినవాళ్లకు బ్లాక్ ఫంగస్ అని కొత్తగా ఒకటి మొదలైంది. మా డాక్టరు పగలూ రాత్రీ ఆ కళ్లతోనే పెద్దాసుపత్రిలో ఉండిపోయాడు. మధ్యలో ఫోన్ చేసి, "బెన్, కార్ఖానా ఫోటోల్లో తొందరగా చూడాల్సినవి ఏవైనా ఉంటే విడిగా తీసిపెట్టండి, వాళ్లకైనా ఫోన్ చేద్దాం" అన్నాడు.

ఖాళీ ఆసుపత్రిలో ఒక్కదాన్నే కూర్చుని ఫోటోలు తిరగేశాను. చాలావరకు బాగానే ఉన్నాయి. ఒకటి మాత్రం చాలా చెడ్డగా ఉంది. రెండు కళ్లలోనూ కొత్త నాళాలు, అక్కడక్కడా నెత్తుటి మచ్చలు. అయ్యో అనుకుని పక్కకు పెట్టాను. ఇంకో పేరు మీద అలాంటిదే వచ్చింది. ఆ తర్వాత మరొకటి. ఇదేమిటిరా, ఒకే షెడ్డులో ఇంతమందికి ఇంత ముదిరిందా అని నాకు భయం వేసింది. నాలుగోది వచ్చాక గానీ నా మట్టి బుర్రకు తట్టలేదు. కంటి నరం కింద ఒక నాళం కొక్కెంలా వంపు తిరిగి రెండుగా చీలింది. ఆ కొక్కెం నాలుగు ఫోటోల్లోనూ ఉంది.

కంట్లో రక్తనాళాల అల్లిక ఏ ఇద్దరికీ ఒకలా ఉండదు. అన్నదమ్ములకు కూడా ఉండదు. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్కటే కన్ను. మొదట నేనే ఎక్కడో తప్పు నొక్కి ఒకే ఫోటోను నాలుగుసార్లు ఎక్కించానేమో అనుకున్నాను. కానీ తీసిన రోజులు వేరు, రెప్ప నీడ ఒక్కోదాంట్లో ఒక్కోచోట ఉంది. ఒకే మనిషి నాలుగు పొద్దులు వచ్చి, నాలుగు పేర్లు చెప్పి, నా ముందు గడ్డం ఆనించి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో తెలియదు.

డాక్టరుకు పంపిస్తే అయిదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "ఎవరిది బెన్ ఇది? ఈ నాళాలు ఎక్కువ కాలం ఆగవు, ఎప్పుడైనా పగులుతాయి. లేజర్ చేస్తే రెండూ దక్కుతాయి. వెతికి పట్టుకోండి." వెతకమంటే ఎక్కడని వెతకను? ఊళ్లో ఎవడో ఒకడి చూపు పోబోతోంది. ఆ సంగతి వాడికి తెలియదు, మాకు తెలుసు. మా దగ్గర పేర్లు నాలుగున్నాయి, మనిషి లేడు.

నాలుగు నంబర్లకూ ఫోన్ చేశాను. నలుగురూ డే డ్యూటీవాళ్లే. ముగ్గురు నేనేనక్కా వచ్చిన, నా కండ్లేనక్కా అని ఒకే పాట పాడారు. నాలుగో ఆయన వాళ్లందరిలో పెద్దవాడు, షెడ్డులో అంతా మామా అని పిలిచేవాళ్లు. ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాలేదు.

"మామా, ఈ కన్ను నీది గాదు. ఎవనిదో చెప్పు" అన్నాను.

ఆయన చల్లగా, "బద్లీ పెట్టినమక్కా" అన్నాడు.

"ఏంది?"

"బద్లీ. నైట్ల జేసేటోడు ఒకడున్నడు, మా దిక్కోడే. వాడు పొద్దుగాల డ్యూటీ దిగి పండుకునేటోడాయె. చుక్కలేస్తె వానికేమైతది? మాకు గట్ల గాదు. చుక్కలేసుకొని సాంచ మీదికి పోతె పోగు కానరాదు. తెగింది చూడకుంటె తాను మొత్తం ఖరాబైతది. మాస్టర్ ఊకుంటడా?"

"కండ్లకు బద్లీ పెడ్తరా మామా ఎవరన్న!"

"సాంచకు పెట్టంగ లేంది, కంటికి పెడితె ఏందక్కా? సేఠ్ హాజరు గావాలన్నడు. మనిషి హాజరైండు."

నేను నెత్తి కొట్టుకున్నాను. కోపంతో పాటు నవ్వు కూడా వచ్చిందంటే ఏమనుకుంటారో. ఎందుకంటే ఆ మనుషుల బతుకంతా అలాగే నడుస్తుంది. సాంచ ఆగకూడదు. నీకు జ్వరం వచ్చినా, ఊరి నుంచి కబురొచ్చినా, నీ బదులు ఒక మనిషిని నిలబెట్టి పో, నిన్ను ఎవరూ ఏమీ అడగరు. ఆ మనిషే బద్లీ. బద్లీ పెట్టకుండా పోతే అది తప్పు, పెట్టి పోతే అది పద్ధతి. వీళ్లు పద్ధతి ప్రకారమే చేశారు. పొద్దున నా దగ్గర కూర్చున్నవాడికి చాయ్, ఒక ప్లేటు లోచో అనే ఇక్కడి టిఫినూ పెట్టించారట.

"గంతమందిల మీకు వాడే దొరికిండా?" అన్నాను.

"మా అందర్ల వానివే మంచి కండ్లక్కా. తెగిన పోగు నాలుగు సాంచల అవతలికెల్లి పట్టుకుంటడు. షుగర్ గూడ లేదు. సేఠ్‌కు రిపోర్టు మంచిగ రావాలె గద, అందుకే వాన్నే పంపినం."

నేను విషయం చెప్పాను. ఫోటోలో ఉన్న కళ్లు చెడిపోతున్నాయని, తొందరగా చూడకపోతే గుడ్డివాడవుతాడని.  "వానియా? వాని కండ్లా అక్కా?" అని మామ రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత, "వాడు లేడు. మొన్న బస్సుల ఊరికి పోయిండు" అన్నాడు.

నంబరు తీసుకుని ఊరికి ఫోన్ చేశాను. గొంతు హుషారుగా ఉంది, నలభై ఏళ్లవాడు. నన్ను గుర్తుపట్టాడు. తప్పు చేశానన్న బిడియం కూడా లేదు. "పచ్చలైటక్క గదా!" అన్నాడు.

"తమ్మీ, నీ కండ్లల్ల షుగర్ జేరింది."

"నాకు షుగర్ లేదక్కా."

"ఎన్నడన్న చూపించుకున్నవా?"

"లేనిదానికి ఎందుకు చూపిచ్చుకుంట?"

 ఎంత చెప్పినా నవ్వుతాడు. నేను మంచిగున్న, రాత్రిపూట పొలంల పామును గూడ గుర్తువడ్త అంటాడు. నేను గదమాయించాను, బతిమాలాను, డాక్టరు చేత మాట్లాడించాను. టౌనులో కంటి డాక్టరు ఉంటే పో, లేకపోతే కరీంనగర్ పో, ముందు నెత్తురు పరీక్ష చేయించుకో అన్నాను. పోతనక్కా అన్నాడు. మళ్లీ చేస్తే, టౌన్ దవాఖాన మొత్తం కరోనోళ్లతోని నిండిందని, పోతే అంటుకుంటదని ఇంట్లో పోనియ్యలేదని చెప్పాడు. అదీ అబద్ధం కాదు. ఇంకోసారి చేస్తే వాళ్ల అత్తకు ఆక్సిజన్ కోసం తిరుగుతున్నానన్నాడు. ఆ తర్వాత ఫోన్ మోగేది గానీ ఎవరూ తీసేవారు కాదు. ఆ రోజుల్లో ఫోన్ తీయకపోతే మనసు ఎక్కడెక్కడికో పోయేది. నేను రోజూ చేసేదాన్ని. మా ఇంట్లోవాళ్లు ఎవరికమ్మా అంత పట్టుదలగా అని అడిగితే, నాలుగు పేర్లవాడికి అనేదాన్ని.

అల తగ్గాక ఆసుపత్రి తెరిచారు. ఈ బద్లీ సంగతి మీద మీటింగు పెట్టారు. ఆఫీసు మేనేజరు గారు, ఇకమీదట ఆధార్ కార్డు చూసి, చేతి మీద ముద్ర వేసి గానీ కూర్చోబెట్టకూడదన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మనం పోయింది దొంగలను పట్టడానికా, కళ్లు చూడటానికా అన్నాను. వాళ్లు బద్లీ పెట్టింది మనల్ని మోసం చేయాలని కాదు, మనం వేసిన చుక్కలకు వాళ్ల రోజు పోతుందని. ఆ చుక్కలు మానేస్తే బద్లీ ఎవడు పెడతాడు? డాక్టరు, బెన్ చెప్పింది నిజమే అన్నాడు.

చుక్కలు లేకుండా తీసే కెమెరా మా దగ్గరే ఇంకో చోట ఉంది. చుట్టూ చీకటి ఉంటే పాప దానంతటదే పెద్దదవుతుంది, చాలామందికి అది చాలు. నల్లగుడ్డతో ఒక గుడారం కుట్టించాను. గుడ్డకు సూరత్‌లో కరువా? పొద్దునా సాయంత్రం జట్లు మారే వేళకు పోవడం మొదలుపెట్టాం. దిగేవాడూ, ఎక్కేవాడూ ఇద్దరూ దొరుకుతారు. గడ్డం ఆనించి, లేచి, పనికి పోతారు. ఫోటో సరిగ్గా రానివాడికి మాత్రమే చుక్కలు, అదీ వాడికి సెలవున్న రోజున. మా నలుగురు పెద్దమనుషులనూ మొట్టమొదట కూర్చోబెట్టాను. ముగ్గురి కళ్లకు ఇంకా ఏమీ కాలేదు. మామకు కొద్దిగా మొదలైంది, మందులు సరిగ్గా వేసుకుంటే చాలన్నారు. ఆయన కుర్చీలోంచి లేవకుండా, "వాడు ఇయ్యాల్టికీ రాలేదక్కా" అన్నాడు.

వానలు బాగా పట్టాక ఒక ఆదివారం మామ ఫోన్ చేశాడు. "వచ్చిండు."

షుగరు చూసే చిన్న మిషన్ సంచిలో వేసుకుని పర్వత్ పాటియాలో వాళ్లుండే గదికి పోయాను. వరసగా దండేల మీద లుంగీలు, మూలన స్టవ్వు మీద కుక్కర్. అతను అప్పుడే స్నానం చేసి బనీను వేసుకుంటున్నాడు. మాస్కు లేకుండా చూడటం అదే మొదలు. నవ్వుముఖం. బక్కపలచగా ఉన్నాడు. నేను చెయ్యి పట్టి వేలికి సూది గుచ్చాను. మిషన్ మీద వచ్చింది చూసి, ఇంకో వేలికి గుచ్చాను.

"చాయ్‌ల చక్కెర గూడ ఏసుకోనక్కా నేను" అన్నాడు.

"చక్కెర నీ చాయ్‌ల లేదు, నీ నెత్తుర్ల ఉన్నది."

 కళ్లేం కనిపిస్తున్నాయి అని అడిగాను. మంచిగనే కానొస్తున్నాయన్నాడు. ఎండకాలంలో కొన్నాళ్లు కుడి దిక్కున దోమలు తిరిగినట్టు నల్లనల్లగా కనిపించాయట, తర్వాత అవే పోయాయట. నాళం పగిలి లోపల నెత్తురు కారితేనే అలా కనిపిస్తుంది. ఆసుపత్రికి రా అంటే మాత్రం ససేమిరా అన్నాడు.

"సేఠ్‌కు ఎరుకైతె సాంచల మీదికెల్లి దింపుతడక్కా. కండ్లు మంచిగ లేనోన్ని ఎవడు పెట్టుకుంటడు? ఇద్దరు ఆడపిల్లలు సదువుకుంటున్నరు. జర ఆగు, దివాళి దాటినంక వస్త."

"దివాళి నాటికి దీపం కానొస్తదో లేదో చూస్కో ముందు!" అని అరిచాను. పక్క గదివాళ్లు కూడా తొంగి చూశారు. అతను నవ్వు మానలేదు. ఇంతలో మామ మంచం మీంచి లేచి వచ్చాడు. "నా బదులు పోయి కూసున్నప్పుడు నీకు దివాళి అడ్డం రాలేదు గదరా. రేపు పొద్దుగాల డ్యూటీ దిగంగనే పోతున్నవు. నేను తోల్కపోత" అన్నాడు. మామ మాటను అతను కాదనలేకపోయాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ వచ్చారు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినందువల్ల అతని జుట్టు మీద ఇంకా పోగుల నూగు ఉంది. అక్షరాలు చదివించే గదిలో కుర్చీలో కూర్చోబెట్టాను. రెండు కళ్లతో చదవమంటే కింద వరస దాకా గడగడా చదివేశాడు. చూసినవా, అన్నట్టు నా వంక తిరిగి కళ్లెగరేశాడు. నేను నల్లటి గరిటెలాంటి అడ్డు తీసుకుని ఎడమ కన్ను మూశాను.

"ఇప్పుడు చదువు."

చదవలేదు.

"చదువు తమ్మీ."

"కరెంట్ పోయిందా అక్కా?" అన్నాడు.

పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. బోర్డు వెనక లైటు వెలుగుతూనే ఉంది. తలుపు దగ్గర నిలబడ్డ మామ నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు.  అడ్డు తీసేశాను. వెలుతురు వచ్చేసరికి అతను చుట్టూ చూశాడు. ఫ్యాను చూశాడు, బోర్డు చూశాడు. తర్వాత తనే నా చేతిలోని అడ్డు తీసుకుని మళ్లీ ఎడమ కంటికి పెట్టుకున్నాడు. తీశాడు. పెట్టుకున్నాడు. ఒక కన్ను పోయి నెలలవుతోంది. రెండో కన్ను దాని పని కూడా చేస్తూ వచ్చింది కాబట్టి అతనికి తెలియలేదు.

"ఇదెప్పుడు బందైంది?" అని అడిగాడు. నన్ను కాదు, ఎవరినీ కాదు.

డాక్టరు చాలాసేపు చూశాడు. కుడి కంట్లో నెత్తురు గడ్డకట్టి, పొర ఊడివచ్చింది, ఆలస్యమైంది, ఆపరేషన్ చేసినా పెద్దగా రాదన్నాడు. ఎడమది కూడా అంచు మీద ఉంది, కానీ ఇంకా పగల్లేదు. ఈ వారమే లేజర్ మొదలుపెట్టాలన్నాడు. ఈసారి అతను దివాళి మాట ఎత్తలేదు. ఎన్నడు రావాలె అని మాత్రం అడిగాడు. లేజర్ మధ్యాహ్నాలే చేసేవాళ్లు. నైట్ డ్యూటీ చేసేవాడు మధ్యాహ్నం దాకా మెలకువగా ఎలా ఉంటాడని నేను డాక్టరుతో తగువు పెట్టుకున్నాను. ఆయన విసుక్కుని, సరే, పొద్దున్నే పెట్టండి, నేనే తొందరగా వస్తానన్నాడు. ఆ పొద్దుటి వేళ ఇప్పటికీ మా ఆసుపత్రిలో ఉంది, రాత్రి పనివాళ్లంతా ఆ వేళకే వస్తారు.

లేజర్ కొన్ని విడతలు పట్టింది. నొప్పిగా ఉంటుంది, లేదని చెప్పను. అతను కుర్చీ పిడి గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు. షుగరు మాత్రలు మొదలుపెట్టాడు. సేఠ్‌కు సంగతి తెలియనే తెలిసింది. తక్కువ సాంచల మీదికి మార్చాడు గానీ పనిలోంచి తీయలేదు. మామ పోయి ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు.

ఈలోపు డాక్టరూ నేనూ ఇంకో మార్పు చేశాం. అంతకుముందు మా క్యాంపుల్లో షుగర్ ఉన్నట్టు చీటీ ఉన్నవాళ్లకే ఫోటో తీసేవాళ్లం. క్యాంపుకు తెచ్చే కెమెరా ఒకటే, అందరినీ కూర్చోబెడితే తెమలదని ఆ పద్ధతి. ఇప్పుడు గుడారం దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ ముందు వేలికి సూది గుచ్చుతున్నాం, చీటీ ఉన్నా లేకపోయినా. తనకు షుగర్ లేదని ప్రమాణం చేసినవాళ్లలోనే ఎంతమందికో బయటపడుతోంది. వాళ్ల ముఖాలు తెల్లబోతాయి. నాకిప్పుడు అలవాటైపోయింది, మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పి పక్కవాడిని పిలుస్తాను.

చలికాలంలో మళ్లీ దగ్గులు మొదలై, మళ్లీ మాస్కులు పైకి లాక్కుంటున్న రోజుల్లో, ఒక సాయంత్రం అతను ఎడమ కంటి ఆఖరు పరీక్షకు వచ్చాడు. ఫోటో నేనే తీశాను. నాళాలు ముడుచుకున్నాయి, కొత్త నెత్తురు లేదు. డాక్టరు చూసి, ఈ కన్ను నిలబడింది, ఆరు నెలలకోసారి చూపించుకుంటూ ఉండు అన్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కానీ పైకి మాత్రం, "మందులు మానేస్తే నీ రూముకొచ్చి తంత" అన్నాను.

అతను నవ్వాడు. లేచి పోకుండా కుర్చీలోనే కూర్చున్నాడు.

"అక్కా, ఒక్కటడుగుత. చెప్తవా?"

"అడుగు."

"గా పొద్దు గోడౌన్ల, నేను నా పేరు చెప్పుకొని వచ్చివుంటె, నన్ను గీ కుర్చీల కూసోనిస్తుంటిరా?"

నేను కెమెరా ఆపేసి అతని వైపు తిరిగాను.

"లేదు" అన్నాను. "షుగర్ లేదంటె, దర్వాజ కాడికెల్లే వాపస్ పంపుతుంటిమి."

"నేను గూడ గదే అనుకున్న" అన్నాడు. మమ్మల్ని తప్పుపట్టినట్టు లేదు ఆ గొంతు. మాస్కు సరిచేసుకుని లేచాడు. తల కొంచెం కుడికి తిప్పి, ఎడమ కంటితో తలుపు ఎక్కడుందో చూసుకుని, డ్యూటీకి వేళైందని వెళ్లిపోయాడు.